భోగాపురం నేలను అమెజాన్ గజంతో కొలవకండి

విమానాశ్రయం మాట మొదలైన నాటి నుంచి భోగాపురం గురించి ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. "అక్కడ ఇదివరకేముంది? ఇసుక, తుప్పలు. అంతేగా!" అంటారు. స్థలాలు అమ్మేవాళ్ళు అంటే అర్థం చేసుకోవచ్చు. కానీ చదువుకున్నవాళ్ళు అంటున్నారు, పత్రికల్లో రాసేవాళ్ళు అంటున్నారు, ఈ మండలంలోనే పుట్టి విశాఖలో స్థిరపడ్డవాళ్ళు కూడా అంటున్నారు. దానికి కొనసాగింపుగా ఇంకో మాట: "ఇకనుంచి రోడ్ల పొడుగునా చెట్లు నాటతారు, పార్కులు వేస్తారు, ప్రాంతమంతా పచ్చబడుతుంది." పర్యావరణం మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్ళు సైతం ఈ రెండో మాట విని ఊరట పడుతున్నారు.

ఈ రెండు మాటలూ తప్పే. అది ఏమీ లేని నేల కాదు. నాటిన పచ్చదనం దానికి బదులూ కాదు. రెండు తప్పులకూ వేరు ఒకచోటే ఉంది. అడవి అనగానే మన కళ్ళముందు నిలిచేది వర్షారణ్యం బొమ్మ. ఆకాశాన్నంటే చెట్లు, పట్టపగలే చీకటి, ఎప్పుడూ తడిగా ఉండే నేల, చెట్టుకు చెట్టుకు మధ్య ఊయలలా వేలాడే తీగలు. పాఠ్యపుస్తకంలో, టీవీలో, సినిమాలో అడవి అంటే అదే. ఆ బొమ్మకు సరిపోనిదేదీ మన కంటికి అడవిగా ఆనదు. నడుం ఎత్తున పెరిగిన కలివిపొద, దాన్ని అల్లుకున్న తీగ, దాని నీడన మొలిచిన పాలమొక్క మనకు "తుప్ప"గానే కనబడతాయి. తుప్ప అనగానే పక్కన పొక్లెయిన్ వచ్చి నిలబడుతుంది.

ఒక సంగతి ముందే తేల్చుకుందాం. నా వాదన విమానాశ్రయం మీద కాదు. దానికి 2019 ఫిబ్రవరిలో ఒక ప్రభుత్వం, 2023 మే 3న మరో ప్రభుత్వం శంకుస్థాపన చేశాయి. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. కంచేరు, కవులవాడ, గూడెపువలస, రావాడ, సవరవిల్లి వంటి ఊళ్ళ రైతుల భూములు కలిపి సుమారు 2,200 ఎకరాలు దానికింద పోయాయి. అందులో చాలావరకు జీడి, కొబ్బరి, మామిడి, సరుగుడు తోటలే. ఆ లెక్క ఆ రైతులకూ ప్రభుత్వానికీ మధ్యది, దాని న్యాయాన్యాయాలు వేరే రాయాలి. నాకు బెంగ ఆ ప్రహరీ అవతలి నేల మీద. చంపావతి సముద్రంలో కలిసే కోనాడ నుంచి ముక్కాం, చేపలకంచేరు మీదుగా గోస్తనీ కలిసే భీమిలి దాకా ఉన్న ఎర్ర గరువులు, ఇసుక దిబ్బలు, గెడ్డల గట్లు, పోరంబోకులు ఇప్పుడు లేఅవుట్ల చూపులో ఉన్నాయి. తీరం వెంట విశాఖ నుంచి భోగాపురానికి పెద్ద రహదారి ప్రతిపాదన ఉంది. "ఏమీ లేదు" అన్న మాట ఇప్పుడు ఎవరి నోటినుంచి వచ్చినా అది ఒక్కో దిబ్బకు మరణశాసనం అవుతుంది. అందుకే ఆ మాటను ఊరికే వదలలేం.

అసలు వర్షారణ్యమంటే ఏమిటో తెలిస్తే ఆ అమెజాన్ గజం ఇక్కడ ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. వర్షారణ్యాలు ఎక్కువగా భూమధ్యరేఖకు అటూ ఇటూ పదేసి డిగ్రీల లోపు ఉంటాయి. అమెజాన్, కాంగో, బోర్నియో, సుమత్రా అన్నీ ఆ పట్టీలోవే. వాటిలో చాలావాటికి ఏటా 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అయితే మొత్తం వాన కంటే దాని పంపకం ముఖ్యం. వాతావరణ శాస్త్రంలో ఆ శీతోష్ణస్థితికి పెట్టిన హద్దు ప్రకారం సగటున ఏ ఒక్క నెలలోనూ 60 మిల్లీమీటర్లకు వాన తగ్గకూడదు. మన వాళ్ళు ఎక్కువగా వెళ్ళివచ్చే సింగపూర్‌నే చూడండి. అక్కడ ఏ నెల సగటూ 100 మిల్లీమీటర్ల కిందికి దిగదు. వేసవి, చలికాలం అనే తేడా పెద్దగా ఉండదు. పగలూ రాత్రీ మధ్య తేడాయే ఎక్కువ.

ఎండు నెల లేని చోట చెట్టుకు నీటి దిగులు లేదు, ఉన్న దిగులంతా వెలుతురుకోసమే. కాబట్టి అన్నీ పైకి పరుగెడతాయి. ముప్పై, నలభై మీటర్ల ఎత్తున ఆకుల పందిరి కమ్ముకుంటుంది, దాన్ని చీల్చుకుని కొన్ని మహావృక్షాలు అరవై మీటర్లు దాటుతాయి. బోర్నియోలోని సబాలో 2019లో కొలిచిన ఒక చెట్టు ఎత్తు వంద మీటర్లు దాటింది. నేలకు చేరే వెలుతురు నూటికి ఒకటి రెండు పాళ్ళే. కింద పుట్టిన మొక్క, పైన ఒక మహావృక్షం కూలి ఆకాశం కనబడేదాకా ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటుంది. ఆ ఓపిక లేని మొక్కలు మరొకరి కొమ్మ మీదే కాపురం పెడతాయి.

అంత పచ్చదనం చూసి ఆ నేల బంగారమని అనుకుంటారు. నిజానికి వర్షారణ్యపు నేల చాలావరకు పేద నేల. వేల ఏళ్ళ వాన దాని సారమంతా కడిగేసింది. అడవి బలం మట్టిలో లేదు, నిలబడ్డ చెట్లలో ఉంది. రాలిన ఆకు వారాల్లో కుళ్ళుతుంది, పైపైనే పరుచుకున్న వేళ్ళు, వాటిని అంటుకున్న శిలీంధ్రాలు ఆ సారాన్ని మట్టికి వదలకుండా లాగేసుకుంటాయి. వేళ్ళు లోతుకు పోవు కనుకనే మొదళ్ళకు గోడల్లాంటి ఆసరా వేళ్ళు పుడతాయి. అటువంటి అడవిని నరికి కాలిస్తే రెండు మూడు పంటలకు బూడిద సత్తువ అయిపోతుంది, తర్వాత గట్టి ఎర్రమట్టి మిగులుతుంది. ఆ అడవి తన వానకు, తన మట్టికి తాను కట్టుకున్న ఇల్లు. దాన్ని మరోచోట నమూనాగా పెట్టుకోవడంలో అర్థం లేదు.

ఇప్పుడు భోగాపురం. పద్దెనిమిదో డిగ్రీ అక్షాంశం. ఏడాదికి వాన సుమారు 1,100 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపు పడిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనమో వాయుగుండమో వస్తే మరికొంత. డిసెంబరు నుంచి మే దాకా ఆకాశం దాదాపు మూతపడినట్టే. అది చాలదన్నట్టు నేల ఇసుక, పడ్డ నీరు నిమిషాల్లో కిందికి దిగిపోతుంది. గాలిలో ఉప్పు. ఇవన్నీ తట్టుకుని ఏడాది పొడుగునా ఆకు నిలుపుకోవడం ఎలా?

లోపలి కొండల మీద చెట్లు ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పాయి. ఎండకాలం రాగానే ఆకు రాల్చేస్తాయి. తీరం ఇంకో జవాబు చెప్పింది. ఆకు రాల్చదు, కానీ ఆకును మార్చుకుంటుంది. మన తూర్పు తీరపు పాలచెట్టు ఆకు ఒకటి కోసి చేతిలో పెట్టుకుని చూడండి. మందంగా, తోలులా ఉంటుంది. మడిస్తే పెళుసుగా విరుగుతుంది. చివర మొన ఉండదు, పైగా లోపలికి చిన్న నొక్కు ఉంటుంది. వర్షారణ్యపు చెట్లలో చాలావాటి ఆకు చివర సన్నగా సాగి, చుక్క నీరు నిలవకుండా జారిపోయేలా ఉంటుంది. అక్కడ నీరు ఎక్కువై బాధ, ఇక్కడ తక్కువై బాధ. రెండు ఆకులూ పక్కపక్కన పెడితే రెండు దేశాల వాతావరణం రాసిపెట్టినట్టు ఉంటుంది. అల్లిచెట్టు ఆకు కూడా అంతే, గట్టిగా, నిగనిగలాడుతూ. ఎండాకాలంలో కూడా ఈ చెట్లు పచ్చగా ఉంటాయి. ఎదుగుదల మాత్రం చాలా నెమ్మది, కలప ఇనుములా గట్టి.

ఇది నా కల్పన కాదు. భారతదేశపు అడవుల వర్గీకరణకు ఇప్పటికీ ఆధారంగా ఉన్నది ఛాంపియన్, సేథ్ 1968లో ప్రచురించిన పుస్తకం. అందులో ఉష్ణమండలపు పొడి సతతహరిత అడవి అని ఒక తరగతి ప్రత్యేకంగా ఉంది. దేశంలో అది కోరమాండల్ తీరాన సన్నని పట్టీగా మాత్రమే కనబడుతుంది. విశాఖ ప్రాంతం నుంచి తమిళనాడులో రామనాథపురం దాకా అని దాని హద్దులు చెబుతారు. అంటే భోగాపురం ఆ పట్టీ ఉత్తరపు అంచున ఉంది. ఏ జీవజాతి సమూహానికైనా అంచు ముఖ్యం. అక్కడ దక్షిణపు మొక్కలూ ఒడిశా వైపు మొక్కలూ కలుస్తాయి. అమెజాన్ లక్షల చదరపు కిలోమీటర్లు ఉంది. మన తీరపు ఈ అడవి మిగిలింది తునకలు తునకలుగా.

రెండు శతాబ్దాల కిందట ఒక స్కాట్లండ్ వైద్యుడికి ఇక్కడ "ఏమీ లేదు" అనిపించలేదు. విలియం రాక్స్‌బరో 1780లలో సామర్లకోటలో ఉండి, ఈ సర్కారు తీరపు మొక్కలను స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, తెలుగు పేర్లతో సహా నమోదు చేశాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన సంపుటాలు 1795 నుంచి లండన్‌లో వెలువడ్డాయి. పరదేశి కుతూహలంగా వంగి చూసినదాన్ని మనం కారు అద్దంలోంచి చూసి తుప్ప అంటున్నాం.

దగ్గరికి వెళ్ళి చూడవలసినది ఇంకొకటి ఉంది. గరువు గట్టు మీద ఒంటరిగా ఉన్న తాటిచెట్టు మొదలు. మొదలు చుట్టూ రెండు మూడు గజాల మేర ఒక గుబురు ఉంటుంది. ఎవరూ నాటింది కాదు. తాటిమట్టల మీద వాలిన పిగిలిపిట్టలు, మైనాలు తిన్న పళ్ళ గింజలు అక్కడే జారవిడుస్తాయి. మొదట కలివి లేస్తుంది. దాని ముళ్ళలో మేక మూతి పెట్టదు. ఆ ముళ్ళ కాపలాలో బలుసు, గొంజి, నేరేడు మొలుస్తాయి. తాటిమట్టల సందులో మర్రి గింజ పడితే అది చెట్టునే చుట్టుకుని కిందికి వేరు దించుతుంది. గుబురు లోపల నేల బయటికంటే చల్లగా, నల్లగా ఉంటుంది. ఆకు చెత్త, చెదపుట్ట, ఉడుము బొరియ. ఏప్రిల్ ఎండలో గుబురు బయట చెయ్యి ఇసుకమీద ఆనించలేం, లోపల పెడితే తేమ తగులుతుంది. అడవి పుట్టే తీరు ఇది. వర్షారణ్యంలో వెలుతురు కోసం పోటీ అడవిని కడితే, ఇక్కడ నీడ ఇచ్చిపుచ్చుకోవడం కడుతుంది. యాభై ఏళ్ళు ఎవరూ నరకకుండా వదిలితే ఆ గుబుర్లు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. మనం వదలడం లేదు, వంటచెరకుకు నరికి, మేపి, కాల్చి, గుబురును గుబురుగానే ఉంచేసి, "చూశారా, తుప్పే కదా" అంటున్నాం.

సముద్రం వైపు వెళితే దిబ్బలను పట్టి ఉంచేవి రావణాసురుడి మీసాలు, ఇసుక మీద పాకే తీగలు. వెనక మొగలిపొదలు, గచ్చతీగ, ఆ వెనక ఈతలు, తాళ్ళు, పాలలు. ఒక్కో వరస వెనకదానికి ఉప్పుగాలి తగలకుండా అడ్డం నిలుస్తుంది. మొదటి వరసను చదును చేస్తే వెనకవాటి ఆకులు మాడతాయి. ఎకరాల్లో కొనేవారికి ఈ వరసలు కనబడవు.

ఈ గుడ్డితనం వ్యక్తులది మాత్రమే అయితే ఇంత రాయనక్కరలేదు. అది ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కింది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రెండేళ్ళకోసారి ఇచ్చే నివేదికలో ఒక హెక్టారుకు పైబడిన నేల మీద చెట్ల నీడ నూటికి పది పాళ్ళు దాటితే దాన్ని అటవీ విస్తీర్ణంలో కలుపుతారు. ఏ జాతి చెట్టు, ఎవరి భూమి అని చూడరు. జీడితోట, కొబ్బరితోట, సరుగుడుతోట అందులో అడవే. నీడ పది పాళ్ళకు తగ్గితే అది తుప్పభూమి, అడవి లెక్కలోకి రాదు. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ తయారుచేసే వ్యర్థభూముల అట్లాసులో తుప్పలున్న నేల, తీరపు ఇసుక నేల రెండూ వ్యర్థభూమి తరగతులే. గ్రీన్ క్రెడిట్ పథకం కింద 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన పద్ధతి తుప్పభూములను క్షీణించిన నేలల్లో చేర్చి, హెక్టారుకు కనీసం 1,100 చెట్ల లెక్కన నాటమంది. ఆ పద్ధతి తర్వాత మారింది గాని, చెట్లు దట్టంగా ఉంటేనే నేల బాగుపడినట్టన్న నమ్మకం మారలేదు.

ఫలితం ఆలోచించండి. భోగాపురం పక్కన ఒక దిబ్బ మీద వందేళ్ళుగా నిలదొక్కుకున్న మొగలి, పాల, కలివి గుబుర్లను తీసేసి సరుగుడు వేస్తే, కాగితం మీద రాష్ట్రంలో అడవి పెరుగుతుంది. అధికారి అబద్ధం చెప్పలేదు, రైతు తప్పు చేయలేదు, ఉపగ్రహం మోసం చేయలేదు. కొలత తప్పు. ఈ కొలతను పట్టుకుని "అడవులు పెరిగాయి" అని నివేదిక వచ్చినప్పుడల్లా చప్పట్లు కొడుతున్న పర్యావరణ మిత్రుల మీద నాకు ఎక్కువ ఫిర్యాదు. వాళ్ళకు తెలిసి ఉండాలి.

సరుగుడును నేను తిట్టను. రైతు చేతికి నాలుగైదేళ్ళలో డబ్బు ఇచ్చే చెట్టు. వేళ్ళలోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని పట్టగలదు. పంతొమ్మిదో శతాబ్దంలో రైలింజన్లకు ఇంధనపు కట్టెగా మన తీరానికి వచ్చి ఊరికి ఊరిని పోషించింది. కానీ సరుగుడుతోటలోకి అడుగుపెట్టి కింద చూడండి. సూదుల్లాంటి ఆకు అడుగు మందాన పరుచుకుని ఉంటుంది. దానికింద మొలిచేది చాలా తక్కువ. పక్షి కూర్చోడానికి కొమ్మ ఉంది, తినడానికి పండు లేదు. నాలుగేళ్ళు నిండగానే మొత్తం నరికి లారీకెక్కిస్తారు. కౌలుకు కట్టిన పంటను అడవి అనడం పంటకూ మర్యాద కాదు, అడవికీ కాదు.

"తుఫాను గాలికి సరుగుడే కదా అడ్డం" అని ఒక గట్టి వాదన ఉంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత తీరమంతా సరుగుడు పట్టీలు వేశారు. అవి గాలిని కొంత ఆపాయన్నది నిజం, ఊళ్ళకు అడ్డంగా అవి ఉండాలి కూడా. అయితే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటినప్పుడు ఏం జరిగిందో ఉత్తరాంధ్రలో చెప్పనక్కరలేదు. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేర్లతో లేచాయి. ఒక తరం సంపాదన ఒక రాత్రిలో నేలకు ఒరిగింది. ఎత్తుగా, ఒకే వయసులో, ఒకే జాతిగా నిలబడ్డ తోటకు గాలి ఒక్కటే శత్రువు. దిబ్బకు అంటిపెట్టుకుని, వరసలు వరసలుగా ఎత్తు పెరిగే తీరపు తుప్ప గాలిని ఎదిరించదు, పైకి ఎత్తి పంపుతుంది. ముఖ్యంగా ఇసుకను కదలనివ్వదు. ఉప్పెనకు మొదటి గోడ ఆ దిబ్బే. దిబ్బ చదును చేసి సరుగుడు నాటితే గోడ కూల్చి తెర కట్టినట్టు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఏటా ఈ తీరాన గుడ్లు పెట్టడానికి వస్తాయి, వాటికి కూడా కావలసింది వేళ్ళు అల్లుకోని మెత్తని ఇసుకే.

ఇంకో వాదన వాన గురించి. "చెట్లు నాటితే వానలు పడతాయి, అమెజాన్ తన వాన తానే కురిపించుకుంటుంది" అంటారు. అమెజాన్ విషయంలో అందులో నిజం ఉంది. ఆకులు వదిలిన ఆవిరి మళ్ళీ మళ్ళీ వానగా పడుతూ సముద్రం నుంచి వేల కిలోమీటర్లు లోపలికి సాగుతుందని 1970లలోనే బ్రెజిల్ శాస్త్రజ్ఞులు చూపించారు. దానికి ఖండమంత అడవి కావాలి. భోగాపురానికి వాన వచ్చేది నైరుతి గాలులతో, బంగాళాఖాతపు అల్పపీడనాలతో. రోడ్డు పక్క రెండు వరసల చెట్లు వాటిని రప్పించలేవు, ఆపలేవు. ఇక్కడ మొక్కలు చేసే మేలు వేరు. పడ్డ వానను ఇసుకలోకి దింపి నిలుపుతాయి. తీరపు పల్లెల్లో సముద్రానికి కూతవేటు దూరంలో చెలమ తీస్తే తీపినీరు పడుతుందంటే, ఆ వాననీరు ఉప్పునీటి మీద తేలుతూ దిబ్బల కింద నిలవ ఉండబట్టే. దిబ్బ కరిగితే, దానిమీద బోర్లు వేసి లాగితే ఆ తీపి పోతుంది. వానలు రావడం లేదన్న దిగులుతో మనం పొరపాటు చెట్లు నాటుతూ, ఉన్న నీటిని దాచే నేలను అమ్ముకుంటున్నాం. "భూమికి ఊపిరితిత్తులు" అనే మాట కూడా ఇలాంటిదే. ముదిరిన వర్షారణ్యం తను విడిచే ప్రాణవాయువులో దాదాపు అంతా తానే, తన కుళ్ళుతో సహా, వాడేసుకుంటుంది. అమెజాన్‌ను కాపాడడానికి అంతకంటే బలమైన కారణాలు ఎన్నో ఉన్నాయి.

కొందరు మియవాకి అడవుల పేరు చెబుతారు. చిన్న స్థలంలో దట్టంగా మొక్కలు నాటి రెండేళ్ళలో అడవి చేస్తామంటారు. జపాన్ వృక్షశాస్త్రజ్ఞుడు అకిరా మియవాకి పెట్టిన మొదటి షరతు, ఆ నేలకు సహజమైన జాతులనే ఎంచుకోవాలని. మనవాళ్ళు దట్టంగా నాటడం తీసుకున్నారు, షరతు వదిలేశారు. నర్సరీలో ఏవి ఉంటే అవి నాటుతున్నారు. తీరపు ఊళ్ళలో కోనోకార్పస్ వరసలు చూస్తున్నాం కదా! పాల, అల్లి, మొగలి, బలుసు మొక్కలు ఎన్ని నర్సరీల్లో దొరుకుతాయి? అడిగి చూడండి.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. పరాయి దేశపు చెట్టయితే చెడ్డదని నేను అనడం లేదు. జీడి బ్రెజిల్‌ది, చింత ఆఫ్రికాది. విజయనగరం పైడితల్లి సిరిమాను ఏటా చింతచెట్టుతోనే చేస్తారు. ఆ చెట్టు మనదైపోయింది. పెరట్లో, పొలంలో, గుడిలో ఏ చెట్టయినా ఉండనివ్వండి. అడవి ఉన్న చోటును చెరిపి, దాని స్థానంలో పెట్టి, అదే అడవి అనడం మీదే నా అభ్యంతరం.

"ఇక్కడ మిగిలింది క్షీణించిన తుప్పే, పనికొచ్చే అడవి ఎప్పుడో పోయింది" అనేవాళ్ళకు రెండు చోట్లు చూపిస్తాను. ఒకటి శ్రీహరికోట. 1971 నుంచి రాకెట్లు ఎగురుతున్న ఆ దీవిలో, మనుషుల రాకపోకలు తగ్గినందువల్ల, పాల, నేరేడు, అల్లి నిండిన తీరపు పొడి సతతహరిత అడవి ఆంధ్రదేశంలోకెల్లా బాగా మిగిలింది. అంతరిక్షానికి దారి ఇచ్చిన నేల అడవిని నిలుపుకోగలిగినప్పుడు, విమానాలకు దారి ఇచ్చిన మండలం చేయలేదనడం ఒప్పుకోలేను. రెండోది పుదుచ్చేరి పక్కన ఆరోవిల్. 1968లో మొదలైనప్పుడు అది వానకు కోసుకుపోయిన ఎర్రమట్టి మైదానం. మట్టిని నిలిపి, తొలుత దొరికిన చెట్లు నాటి, తర్వాత తీరపు స్వదేశీ జాతుల గింజలు పాత దేవతా వనాల నుంచి ఏరి తెచ్చి పెంచారు. ఇప్పుడు అక్కడ అడవి ఉంది. దానికి గింజ దొరికింది మిగిలిన తునకల్లోనే. మన తునకలు కూడా పోతే, రేపు బుద్ధి వచ్చినా గింజ దొరకదు.

వర్షారణ్యం చూడాలనే మోజు ఉన్నవారికి ఉత్తరాంధ్రలోనే దానికి దగ్గరి చుట్టాలు ఉన్నారు. ఏజెన్సీ ఎత్తుల్లో, గాలికొండ, సప్పర్ల వైపు లోయల్లో అర్ధ సతతహరిత అడవులు తునకలుగా ఉన్నాయి. ఆ కొండల గుగ్గిలం చెట్టు బోర్నియో మహావృక్షాల కుటుంబంలోదే. ఆ కొండల్లోనూ కాఫీ నీడకంటూ ఆస్ట్రేలియా సిల్వర్ ఓక్ వరసలు కట్టేస్తున్నాం. కొండమీద ఒక తప్పు, తీరాన అదే తప్పు. ఈ తీరంలోని ఎర్రమట్టి దిబ్బలకు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దక్కితే అందరం సంతోషించాం. దిబ్బ ఎర్రగా, వింతగా ఉంది కనుక దాని విలువ కనబడింది. ఆ దిబ్బను పట్టి ఉంచే మొక్క పచ్చగా, మామూలుగా ఉంది కనుక కనబడలేదు.

భోగాపురం, పూసపాటిరేగ, భీమిలి మండలాల పంచాయతీలకు నా విన్నపం ఒకటే. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. చాలాచోట్ల ఆ రిజిస్టరు ఉంటే అది బీరువాలో ఉంటుంది. దాన్ని బయటికి తీయండి. మీ ఊళ్ళో పాలచెట్లు ఎక్కడున్నాయో, మొగలి ఏ గెడ్డ ఒడ్డున ఉందో, ఏ దిబ్బ మీద చెలమలు ఎండవో, అమ్మవారి తోపు ఎంత మేర మిగిలిందో ముసలివాళ్ళను, మేకలకాపర్లను, వలలు అల్లే మత్స్యకారులను కూర్చోబెట్టుకుని సర్వే నంబర్లతో రాయించండి. ఊరి పెద్దలు, బడి పంతుళ్ళు, కాలేజీ వృక్షశాస్త్ర విద్యార్థులు కలిస్తే ఒక్క వేసవిలో అయ్యే పని ఇది. రాసింది గ్రామసభలో చదివి తీర్మానం చేయండి. అప్పుడు లేఅవుటు అనుమతికి వచ్చినవాడు "ఇక్కడ ఏమీ లేదు" అని కాగితం పెడితే, ఉన్నదేమిటో చూపించడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది. పాలచెట్టు మనిషి ఎత్తు దాటడానికి ఏళ్ళు పడుతుంది, మాను కావడానికి ఒక జీవితకాలం పడుతుంది. ఏ నర్సరీ లారీ దాన్ని తెచ్చి ఇవ్వలేదు. నిలబడి ఉన్నవాటిని ఈ ఏడే లెక్క రాయించండి.